అందరికీ జీన్ టెస్టు చేయిస్తే వైద్యం ఖర్చు తగ్గుతుందా?

ప్రశ్న: మా ఉద్యోగుల ఆరోగ్య నిధి కమిటీలో నేనొక సభ్యురాలిని. నిధిలో సుమారు 2,000 మందిమి ఉన్నాం. అందరం కలిసి వేసుకునే డబ్బుతోనే వైద్యం ఖర్చులు గడుస్తాయి. ఏటికేడు ఆ ఖర్చు పెరుగుతోంది. పోయిన నెల ఒక ల్యాబ్ తరఫున ఒకాయన వచ్చి, సభ్యులందరికీ జన్యు పరీక్ష చేయిస్తే జబ్బులు ముందే తెలిసిపోతాయనీ, కొన్నేళ్లలో ఖర్చు బాగా తగ్గిపోతుందనీ స్లైడ్లు వేసి చూపించారు. "గోటితో పోయేదానికి గొడ్డలి దాకా ఎందుకు" అని మా అధ్యక్షులవారు అక్కడికక్కడే తలూపేశారు. నాకెందుకో మనసొప్పడం లేదు. నిజంగా ఖర్చు తగ్గుతుందా? ఇంకోటి నా సొంత విషయం. మా పిన్నికి 42 ఏళ్లకే రొమ్ము క్యాన్సర్ వచ్చింది, చికిత్స అయ్యి ఇప్పుడు బాగానే ఉంది. అమ్మమ్మ అండాశయ క్యాన్సర్‌తో పోయింది. నాకిప్పుడు 36. ఎలాగూ నిధి చేయిస్తుంది కదా, నేనూ చేయించుకుందామని ఒకపక్క, ఏం బయటపడుతుందోనన్న టెన్షన్ ఇంకోపక్క. ఏం చేయమంటారు? — ఒక సభ్యురాలు

జవాబు: తగ్గదండీ. ముందు ఆ మాట చెప్పేస్తున్నాను, మీ కమిటీలో ఎవరైనా సగం చదివి పక్కన పెట్టినా ఆ సగంలో ఇది ఉండాలని. అందరికీ పరీక్ష చేయిస్తే కొన్ని క్యాన్సర్లు రాకుండా ఆగుతాయి, కొన్ని గుండెపోట్లు తప్పుతాయి. అది నిజమే. అయితే దానివల్ల నిధిలో డబ్బు మిగలదు, ఇంకా ఖర్చవుతుంది. డబ్బు పెట్టి ఆరోగ్యం కొనుక్కోవడంలో తప్పేమీ లేదు. మందులూ ఆపరేషన్లూ చేసే పని కూడా అదే. వాటిని మాత్రం "డబ్బు మిగిల్చి పెట్టు" అని మనం అడగం.

మీ అధ్యక్షులవారి సామెత మంచిదే. కాకపోతే అందులో మొక్క ఒక్కటే, అదీ కళ్లెదుటే ఉంది. స్క్రీనింగ్‌లో అలా ఉండదు. 2,000 మొక్కల్లో ఏ ఇరవై మానులవుతాయో తెలియదు కాబట్టి 2,000 మొక్కలనూ గిల్లి చూడాలి. అన్ని గిల్లేసరికి గోరు ఖర్చు గొడ్డలి ఖర్చును దాటిపోతుంది.

ఆ ఇరవై అన్నది ఊరికే అన్న మాట కాదు. ఆరోగ్యంగా తిరుగుతున్న పెద్దవాళ్లలో వెతకడానికి గట్టి ఆధారం ఉన్న జన్యు సమస్యలు ప్రస్తుతానికి ముఖ్యంగా మూడు. అమెరికా ప్రజారోగ్య సంస్థ సీడీసీ వీటిని మొదటి శ్రేణిలో పెట్టింది. ఒకటి బీఆర్‌సీఏ1, బీఆర్‌సీఏ2 జన్యువుల్లో లోపం. దానివల్ల రొమ్ము, అండాశయ క్యాన్సర్ల ముప్పు పెరుగుతుంది. రెండోది లించ్ సిండ్రోమ్, అంటే పెద్దపేగు, గర్భాశయ క్యాన్సర్ల ముప్పు. మూడోది పుట్టుకతోనే చెడు కొలెస్ట్రాల్ బాగా ఎక్కువగా ఉండే స్థితి. దాని పూర్తి పేరు నోరు తిరగదు, డాక్టర్లు కూడా ఎఫ్‌హెచ్ అనే అంటారు. ఎఫ్‌హెచ్ సుమారు 250 మందిలో ఒకరికి ఉంటుంది, లించ్ దాదాపు 300 మందిలో ఒకరికి, బీఆర్‌సీఏ లోపాలు 300 నుంచి 500 మందిలో ఒకరికి. మీ 2,000 మందికి లెక్క కడితే ఎనిమిది మంది, ఏడుగురు, ఓ ఐదుగురు. మొత్తం ఇరవై. మిగతా 1,980 మంది చేతికి వచ్చేది "ఈ మూడూ కనబడలేదు" అన్న కాగితం.

ఆ ఇరవై మందికీ జబ్బు వచ్చి తీరాలనీ లేదు. బీఆర్‌సీఏ లోపమున్న స్త్రీలలో 80 ఏళ్లు వచ్చేలోగా రొమ్ము క్యాన్సర్ వచ్చేది సుమారు 70 శాతం మందికి. అది చాలా పెద్ద ముప్పే, అయినా నూటికి నూరు కాదు. మగవాళ్లలో ఆ ముప్పు ఇంకా చాలా తక్కువ. పైగా రావలసిన జబ్బు ఏ పదేళ్లకో ఇరవై ఏళ్లకో వస్తుంది. పరీక్ష బిల్లు మాత్రం ఈ ఏడాదే కట్టాలి. ఇరవై ఏళ్ల తర్వాత తప్పబోయే చికిత్స ఖర్చు నిజంగా తప్పినా, అప్పటికి ఆ సభ్యులు ఉద్యోగం మారి వేరే చోట బీమాలో ఉంటారు. విత్తనం మీ నిధిది, పంట ఇంకొకరిది.

అమెరికాలో కొందరు పరిశోధకులు సరిగ్గా మీ ప్రశ్ననే వేసుకుని లెక్క కట్టారు. 2023లో యానల్స్ ఆఫ్ ఇంటర్నల్ మెడిసిన్ పత్రికలో వచ్చింది. ఇది కంప్యూటర్ మోడల్ మీద కట్టిన లెక్కే, మనుషుల్ని ఏళ్ల తరబడి గమనించి చెప్పింది కాదు. ముప్పై ఏళ్ల వయసున్న లక్ష మందికి ఆ మూడు సమస్యలకూ 250 డాలర్ల టెస్టు చేశామనుకున్నారు. జీవితకాలం మొత్తంలో 101 క్యాన్సర్లు, 15 గుండె, రక్తనాళాల ప్రమాదాలు తప్పాయి. ఆరోగ్యంగా గడిచే ఏళ్లు అందరివీ కలిపి 495 పెరిగాయి. తప్పిపోయిన చికిత్సల ఖర్చంతా తీసేశాక కూడా నికరంగా అదనపు ఖర్చు 3 కోట్ల 39 లక్షల డాలర్లు తేలింది. అంటే ఆరోగ్యకరమైన ఒక్కో ఏడాదికి సుమారు 68,600 డాలర్లు. అక్కడ లక్ష డాలర్ల లోపు ఉంటే గిట్టుబాటు అనుకుంటారు కాబట్టి, ముప్పై ఏళ్లవాళ్లకు ఇది చేయదగినదేనని వాళ్లు తేల్చారు. వయసు పైబడినవాళ్ల విషయంలో గిట్టుబాటు తగ్గుతూ పోయింది.

ల్యాబ్ ఆయన స్లైడులో ఈ అధ్యయనమే ఉందన్నా నేను ఆశ్చర్యపోను. అందులో "కాస్ట్ ఎఫెక్టివ్" అన్న మాట ఉంటుంది. దాన్ని తెలుగులో చెప్పుకుంటే ఖర్చుకు తగ్గ ఫలితం. మీ సమావేశంలో అది ఖర్చు తగ్గే ఫలితం అయిపోయి ఉంటుంది. "తగ్గ"కీ "తగ్గే"కీ మధ్య 3 కోట్ల 39 లక్షల డాలర్లు ఉన్నాయి.

ఇది జన్యు పరీక్షలకే పట్టిన దోషమేమీ కాదు. జబ్బు రాకుండా చేసే పనులు డబ్బు మిగులుస్తాయా అని 2008లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో ఒక సమీక్ష వచ్చింది. నిజంగా మిగిల్చేవి 20 శాతం లోపేనని తేలింది. చికిత్సల్లో కూడా అంతే శాతం.

ఆ 20 శాతంలో పడేవి ఎలా ఉంటాయో ఒక్కటి దగ్గరగా చూద్దాం. పుట్టిన ఒకటి రెండు రోజుల్లో పాప మడమ మీద చిన్నగా గుచ్చి, దళసరి కాగితం మీద అచ్చేసిన గుండ్రాల్లో రక్తపు చుక్కలు నింపుతారు. అవి ఆరాక ఆ కాగితం పోస్టులో ల్యాబ్‌కు పోతుంది. అంతే పని. అమెరికాలో రాబర్ట్ గుత్రీ అనే డాక్టరు 1960ల మొదట్లో దీన్ని ప్రచారంలోకి తెచ్చారు. ఆయన కొడుక్కి బుద్ధిమాంద్యం ఉండేది, బంధువుల పాపకు పీకేయూ అనే జబ్బు. పీకేయూ ఉన్న పిల్లల శరీరం ఫినైల్ అలనిన్ అనే పదార్థాన్ని అరిగించుకోలేదు. అది పేరుకుపోయి మెదడును దెబ్బతీస్తుంది. మొదటి వారాల నుంచే ఆ పదార్థం తక్కువగా ఉండే ఆహారం పెడితే పిల్ల మామూలుగా పెరిగి బడికి వెళ్తుంది. ఆలస్యమైతే పోయిన తెలివి తిరిగి రాదు, జీవితమంతా ఒకరు కనిపెట్టుకుని ఉండాలి. ఈ జబ్బు అమెరికాలో 10,000 నుంచి 15,000 మందిలో ఒకరికే వస్తుంది. ఎఫ్‌హెచ్ కంటే ఎంతో అరుదు. అయినా ఈ పరీక్ష డబ్బు మిగులుస్తుంది. ఎందుకంటారా? చుక్క రక్తం పరీక్ష బాగా చవక, దొరికితే చేయాల్సిన పని తేటతెల్లం, చేయకపోతే జరిగే నష్టం ఖాయం, అదీ వెంటనే. ఈ నాలుగూ ఒకచోట కలవడమే అరుదు. ఇంకో తమాషా ఏమిటంటే, గుత్రీ పద్ధతి చూసేది జన్యువుని కాదు, రక్తంలో పేరుకున్న పదార్థాన్ని. మీరు చూసిన స్లైడ్లలో డీఎన్ఏ మెలికల బొమ్మ పక్కన నవజాత శిశువుల లెక్కలు కనబడితే ఈ సంగతి గుర్తు చేయండి.

సైప్రస్ కథ కూడా తరచూ చెబుతారు. అక్కడ దాదాపు ఏడుగురిలో ఒకరు తలసేమియా అనే వంశపారంపర్య రక్త జబ్బుకు క్యారియర్లు, అంటే తమకు జబ్బు లేకపోయినా ఆ లోపాన్ని పిల్లలకు ఇవ్వగలవాళ్లు. 1970లలో మొదలైన నివారణ కార్యక్రమంలో భాగంగా పెళ్లికి ముందు పరీక్ష పెట్టాక ఆ జబ్బుతో పుట్టే పిల్లలు దాదాపు లేకుండా పోయారు. ఖర్చు నిజంగానే కలిసొచ్చింది. కానీ అది ఎలా కలిసొచ్చిందో కూడా చెప్పుకోవాలి: చాలావరకు గర్భం విషయంలో దంపతులు తీసుకున్న నిర్ణయాల వల్ల. ఒక ఉద్యోగుల నిధి తన జమాఖర్చుల పుస్తకంలో రాసుకోవలసిన పొదుపు కాదది.

దీనికి పూర్తి విరుద్ధంగా స్పైనల్ మస్క్యులర్ అట్రోఫీ ఉంది. కండరాలు చచ్చుబడిపోయే జబ్బు. లక్షణాలు కనబడకముందే జన్యు పరీక్షలో పట్టుకుని మందు ఇస్తే, తల కూడా నిలపలేకపోవలసిన బిడ్డ నడుస్తుంది. 2019లో అమెరికాలో దీనికి ఆమోదం పొందిన జన్యు చికిత్స ఒక్క డోసు ధర అప్పట్లో సుమారు 21 లక్షల డాలర్లు. ఇక్కడ స్క్రీనింగ్ ఖర్చును అమాంతం పెంచింది. అలాగని ఆ పరీక్ష మానేద్దామనే మనిషి ఎవరైనా ఉంటారా? ఖర్చు తగ్గడం ఒక్కటే కొలతగా పెట్టుకుంటే మనం ఎక్కడ తేలతామో దీన్నిబట్టే చూడండి.

ఇక స్లైడ్లలో ఎప్పుడూ కనబడని ఖర్చు గురించి. కొన్నేళ్ల క్రితం ఒకావిడ నా దగ్గరికి ఇంత లావు ఫైలుతో వచ్చారు. కుటుంబంలో ఎవరికీ క్యాన్సర్ లేదు. ఆఫీసు వాళ్లు అందరికీ చేయించారని ఈవిడా చేయించుకున్నారు. రిపోర్టు రెండో పేజీలో ఒక వరసను పసుపు హైలైటర్‌తో ఎన్నిసార్లు గీశారో, కాగితం అక్కడ పల్చబడిపోయింది. అందులో ఉన్నదల్లా "ప్రాముఖ్యం తెలియని మార్పు" అని. అంటే జన్యువులో ఒక అక్షరం తేడాగా ఉంది, అది మంచిదో చెడ్డదో ల్యాబ్‌కే తెలియదు. ఇలాంటి ఫలితం మీద ఏ చర్యా తీసుకోకూడదన్నది నియమం. కానీ నియమానికి నిద్ర పట్టినంత తేలిగ్గా మనిషికి పట్టదు కదా. రెండు ఎంఆర్ఐలు, ఒక బయాప్సీ, నలుగురు డాక్టర్లు అయ్యాక నా దగ్గరికి వచ్చారు. ఆ తర్వాత మూడేళ్లకు ల్యాబ్ నుంచి అర పేజీ ఉత్తరం వచ్చింది, ఆ మార్పును హానిలేని వాటి జాబితాలోకి మార్చామని. ఇలాంటి వాటిలో మళ్లీ వర్గీకరించినవి ఎక్కువ భాగం చివరికి హానిలేనివిగానే తేలుతున్నాయి. ఆ ఎంఆర్ఐలూ బయాప్సీ బిల్లులు మాత్రం ఎవరూ వెనక్కి ఇవ్వరు.

వెతికే కొద్దీ దొరుకుతుంది, దొరికిందల్లా ప్రాణం తీసేది కాదు. జన్యు పరీక్ష కాకపోయినా, దక్షిణ కొరియా అనుభవం ఈ విషయంలో కళ్లు తెరిపిస్తుంది. 1999లో మొదలైన జాతీయ స్క్రీనింగ్‌తో పాటు థైరాయిడ్ స్కాన్ కూడా కొసరుగా చేస్తూ పోయారు. 2011 నాటికి థైరాయిడ్ క్యాన్సర్ కేసులు 1993తో పోలిస్తే 15 రెట్లు అయ్యాయి. ఆ క్యాన్సర్‌తో చనిపోయేవాళ్ల సంఖ్య మాత్రం మారలేదు. ఆపరేషన్లు అయినవాళ్లలో చాలామంది జీవితాంతం మాత్ర మింగుతున్నారు.

క్లీన్ రిపోర్టు వచ్చిన 1,980 మంది సంగతి కూడా ఆలోచించాలి. రొమ్ము క్యాన్సర్లలో వంశపారంపర్య జన్యు లోపం వల్ల వచ్చేవి 5 నుంచి 10 శాతమే. "నాకు జీన్ టెస్టులో ఏమీ రాలేదు" అని ఒకావిడ మామోగ్రామ్ (రొమ్ము ఎక్స్‌రే) మానేస్తే ఆ పరీక్ష ఆమెకు కీడు చేసినట్టే. 2018లో అమెరికాలో ఇంటికే పంపించే ఒక బీఆర్‌సీఏ పరీక్షకు అనుమతి ఇచ్చారు. ప్రమాదకరమైనవిగా తెలిసిన మార్పులు వెయ్యికి పైగా ఉంటే అప్పట్లో అది చూసింది మూడింటినే.

"ఇప్పుడు టెస్టు చవక కదా" అంటారు. చవకే. 2003లో పూర్తయిన మానవ జీనోమ్ ప్రాజెక్టుకు సుమారు 270 కోట్ల డాలర్లయితే, ఇవాళ ఒక మనిషి జీనోమ్, అంటే జన్యు సమాచారం మొత్తం, వెయ్యి డాలర్లలోపు చదివేస్తున్నారు. కానీ చవకైంది చదవడం ఒక్కటే. బీఆర్‌సీఏ అని తేలితే ఏటా ఎంఆర్ఐ, లించ్ అయితే ఏడాదికో రెండేళ్లకో ఒకసారి కొలొనోస్కోపీ (పెద్దపేగులోకి గొట్టం పెట్టి చూసే పరీక్ష), ప్రతి కేసులో గంటసేపు కూర్చుని వివరించే కౌన్సెలర్. అవేవీ చవక కాలేదు. వాటికి డబ్బు కేటాయించకుండా పరీక్ష ఒక్కటే చేయించడమంటే ఇరవై మందికి భయాన్ని చేతిలో పెట్టి ఇంటికి పంపడమే.

మరి నిధి ఏం చేయాలి? నేనైతే ఆ డబ్బుతో ముందు కుటుంబాల వైపు వెళ్తాను. 250 మందిని పరీక్షిస్తే ఒక ఎఫ్‌హెచ్ మనిషి దొరుకుతాడు. అలా దొరికిన మనిషి అన్నదమ్ముల్ని, అక్కచెల్లెళ్లను, పిల్లల్ని పరీక్షిస్తే ఇద్దరిలో ఒకరు దొరుకుతారు. పైగా ఏ మార్పు కోసం వెతకాలో ముందే తెలుసు కాబట్టి వాళ్లకు పరీక్ష ఖర్చు కూడా తక్కువ, ఆ "ప్రాముఖ్యం తెలియని" గొడవ ఉండదు. నెదర్లాండ్స్‌లో 1994 నుంచి 2013 వరకు ఎఫ్‌హెచ్ కోసం ఇలా గొలుసు పట్టుకుని దేశమంతా వెతికారు. దొరికాక ఇచ్చేది కొలెస్ట్రాల్ తగ్గించే స్టాటిన్ మాత్ర, అది నిజంగా చవక. ఆ గొలుసులో మొదటి మనిషిని పట్టుకోవడానికి జన్యు పరీక్షే అక్కర్లేదు. మామూలు కొలెస్ట్రాల్ పరీక్షలో ఎల్‌డీఎల్ (చెడు కొలెస్ట్రాల్) 190 దాటినవాళ్లను, చిన్న వయసులో గుండెపోటు వచ్చిన కుటుంబాలను విడిగా చూస్తే చాలు. అలాగే సభ్యుల్లో ఎవరికి పెద్దపేగు క్యాన్సర్ వచ్చినా, తీసిన గడ్డను లించ్ కోసం పరీక్షించమని అడగొచ్చు. 2009 నుంచే అమెరికా నిపుణుల బృందాలు ఈ సలహా ఇస్తున్నాయి. కొన్ని మందులు రాసే ముందు చేసే జన్యు పరీక్షలు కూడా దండగ కావు: కొన్ని ఆసియా జాతుల్లో మూర్ఛ మందు కార్బమజెపీన్‌కు ముందు, క్యాన్సర్ మందు ఫ్లోరోయురసిల్‌కు ముందు. ఒళ్లంతా పుండ్లు పడే ప్రమాదాన్ని, ప్రాణం మీదికి వచ్చే విషప్రభావాన్ని అవి తప్పిస్తాయి.

ఆ ల్యాబ్ ఆయన మళ్లీ వస్తే ధర దగ్గర బేరం మొదలుపెట్టకండి. పాజిటివ్ వచ్చినవాళ్లకు కౌన్సెలింగ్ ఎవరు ఇస్తారు, ఆ ఖర్చెవరిది, అయిదేళ్లకు ఒక మార్పు అర్థం మారితే సభ్యులకు ఎవరు తెలియజేస్తారు, నమూనాలు ఎవరి దగ్గర ఉంటాయి, ఇవి అడగండి. ఎవరి ఫలితం ఏమిటో కమిటీకి గానీ ఆఫీసుకు గానీ తెలియకూడదు. ఈ ఒక్క షరతుకు నసిగితే అక్కడితో సమావేశం ముగించవచ్చు.

ఇప్పుడు మీ సంగతి. మీరు నిధి పరీక్ష కోసం ఆగొద్దు. ఇంతసేపూ నేను చెప్పిందంతా కుటుంబంలో ఏ జాడా లేనివాళ్ల గురించి. అమ్మమ్మకు అండాశయ క్యాన్సర్, ఆమె కూతురికి 42 ఏళ్లకే రొమ్ము క్యాన్సర్ అంటే, మీరు ఆ గుంపులోని మనిషి కాదు. జన్యు విభాగం ఉన్న చోట డాక్టరుకు చూపించుకోవాల్సిన కేసే.

అయితే మొదట పరీక్ష చేయించాల్సింది మీకు కాదు, మీ పిన్నికి. జబ్బు వచ్చిన మనిషిలో వెతికితేనే కారణం దొరికే అవకాశం ఎక్కువ. ఆమెలో లోపం దొరికితే, అది అమ్మమ్మ నుంచే వచ్చి ఉంటుందనుకుంటే, మీ అమ్మగారికి ఉండే అవకాశం సగం, మీకు పావు. అమ్మగారు చేయించుకుని ఆమెకు లేదని తేలితే, ఆ లోపం మీకు అటునుంచి వచ్చే దారే లేదు. అమ్మగారికి ఉండి మీకు లేకపోయినా మీ ముప్పు అందరితో సమానమే. అలా కాకుండా మీరొక్కరే చేయించుకుని ఏమీ రాలేదనుకోండి, కుటుంబంలో అసలు లోపమే లేదా, ఉండి మీకు రాలేదా, ఉన్నా ఈ పరీక్షకు చిక్కలేదా అన్నది తేలదు. టెన్షన్ అలాగే ఉంటుంది.

మీకు ఉందనే తేలితే 36 ఏళ్లకు చేయగలిగింది చాలా ఉంది. ఏటా ఎంఆర్ఐ, మామోగ్రామ్ పెట్టుకుంటారు. అండాశయాలు తీయించుకోవడం గురించి బీఆర్‌సీఏ1 అయితే 35–40 మధ్య, బీఆర్‌సీఏ2 అయితే 40–45 మధ్య మాట్లాడతారు. పిల్లల గురించి మీ ఆలోచన ఏమిటన్నది ఆ మాటల్లో మొదటిది కావాలి. రక్తం ఇచ్చే ముందే మీ దేశంలో జీవిత బీమా నిబంధనలు కూడా కనుక్కోండి. అమెరికాలో 2008లో వచ్చిన చట్టం కూడా ఆరోగ్య బీమా, ఉద్యోగాల వరకే రక్షణ ఇస్తుంది, జీవిత బీమాకు వర్తించదు.

పిన్నికి ఫోన్ చేసినప్పుడు, చికిత్స సమయంలో ఆమెకు జన్యు పరీక్ష చేశారా అని అడగండి. అప్పట్లో ఏమీ రాలేదన్నారంటే ఏ ఏడాది చేశారో రాసుకోండి. పాత పరీక్షలు తక్కువ జన్యువుల్నే చూసేవి, మళ్లీ చేయించాల్సి రావచ్చు. లోపం ఉందన్నారంటే ఆ రిపోర్టు ఫోటో తీసి పంపమనండి. జన్యువు పేరు పక్కన "సి" అనే అక్షరంతో మొదలయ్యే అంకెల వరస ఒకటి ఉంటుంది. డాక్టరు మిమ్మల్ని అడిగేది దాన్నే.